ఖాళీగా వెళ్ళే ఎమ్ఎమ్‌టీఎస్ బండిని ఏమంటారు? ఆపి ఎక్కించుకుంటే పోయేదేముంది?

ప్రశ్న ఒకసారి నా మాటల్లో చెప్తాను, తప్పయితే దిద్దండి. మీరు పొద్దున బేగంపేటలో లింగంపల్లి బండి కోసం నిలబడ్డారు. ప్లాట్‌ఫాం నిండా జనం. ఎమ్ఎమ్‌టీఎస్ (మన హైదరాబాద్ లోకల్ రైలు) రేకు ఒకటి, అంటే జోడించిన పెట్టెల వరస, వస్తుంటే అందరూ బ్యాగులు సర్దుకుని ముందుకు జరిగారు. అది ఆగకుండా వెళ్ళిపోయింది, లోపల చూస్తే నరమానవుడు లేడు. అది ఏ బండి, దాన్ని ఏమంటారు, ఎలాగూ ఖాళీగా వెళ్తోంది కదా ఆపి ఎక్కించుకుంటే రైల్వేకి పోయేదేముంది, అని అడిగారు. న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్య అలాంటి వాటిని ‘డెడ్‌హెడ్’ అంటారని చెప్పాడట, రెండూ ఒకటేనా అన్నది ఇంకో ప్రశ్న.

సూటిగా జవాబు: మన రైల్వేలో దాన్ని ఎంప్టీ రేకు అంటారు, మాటల్లో అయితే ఒట్టి ‘ఎంప్టీ’. కాగితాల మీద ఈసీఎస్ అని రాస్తారు, అంటే ఎంప్టీ కోచింగ్ స్టాక్. మీ అన్నయ్య చెప్పిన డెడ్‌హెడ్ కూడా అదే, కాకపోతే ఆ మాటకు అక్కడ ఇంకో అర్థం కూడా ఉంది, దాని సంగతి కింద చెప్తాను. ఆపకపోవడానికి అసలు కారణం, అది చేరాల్సిన స్టేషన్లో దానికి ఒక టైముకి పని ఉంటుంది. మీరు తిట్టుకున్న ఆ ఖాళీ బండే చాలాసార్లు ఇంకో అరగంటకి లింగంపల్లి నుంచి జనాన్ని వేసుకుని మీ ఎదుటి ప్లాట్‌ఫాం మీదకి వస్తుంది.

నేను సికింద్రాబాద్ చుట్టుపక్కల గార్డుగా చేసి రిటైరయ్యాను, ఆఖరి ఏళ్ళన్నీ ఎమ్ఎమ్‌టీఎస్‌లోనే. 2022 నుంచి ఆ పోస్టును ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ మా వీధిలో నేను ఇప్పటికీ గార్డుగారినే.

ముందు ఒక తికమక తీసేయాలి. ఖాళీ రైలు వేరు, ప్యాసింజరు బండి కాని రైలు వేరు. ఒక వానాకాలం రాత్రి ఆఖరి ట్రిప్పు, కాచిగూడ దాటాక నాకు తెలిసినంతవరకు బండిలో దాన్ని నడిపే మోటార్‌మన్, నేను, అంతే. అయినా ప్రతి స్టేషన్లో ఆగాం, ఎక్కేవాళ్ళు లేకపోయినా ప్లాట్‌ఫాం అటూ ఇటూ చూసి రెండు బెల్లులు కొట్టాను, బండి కదిలింది. అది ప్యాసింజరు బండే. రైల్వే జనరల్ రూల్స్‌లో ప్యాసింజరు ట్రైను అంటే ప్రయాణికులను తీసుకెళ్ళడానికి ‘ఉద్దేశించిన’ బండి అని ఉంటుంది, ఆ మాటలోనే అంతా ఉంది. లోపల ఎన్ని తలకాయలున్నాయని ఎవరూ లెక్కపెట్టరు. టైంటేబుల్లో పేరుంది, నంబరుంది, తలుపు దగ్గర మీరు నిలబడితే ఎక్కించుకునే బాధ్యత ఉంది, కాబట్టి ప్యాసింజరు. అదే రేకు పది నిమిషాల తర్వాత షెడ్డుకు బయల్దేరితే ఎంప్టీ. పెట్టెలు అవే, మోటార్‌మన్ అతనే, మారింది ఉద్దేశం ఒక్కటే.

అదే పుస్తకంలో ‘ట్రైను’ అన్న మాటకి ఇచ్చిన అర్థం ఇంకా బాగుంటుంది. పెట్టెలు తగిలించినా తగిలించకపోయినా ఇంజినంటూ ఉంటే అది ట్రైనే. తనంతట తాను నడిచే బండి ఏదైనా, పట్టాల మీద నుంచి సులువుగా ఎత్తి పక్కన పెట్టలేనిదైతే, అదీ ట్రైనే. అందుకే నలుగురు మనుషులు ఎత్తి పక్కన పెట్టేసే పుష్ ట్రాలీ ట్రైను కాదు, ఒంటరిగా వెళ్ళే ఇంజిను మాత్రం ట్రైను. సిగ్నలుకి మీ బండిలో ఎవరున్నారో పట్టదు. స్టేషన్ మాస్టరు ఎక్స్‌ప్రెస్సుకి ఎలా లైను క్లియరు (ముందు దారి ఖాళీగా ఉందన్న అనుమతి) తీసుకుంటాడో ఎంప్టీకీ అలాగే తీసుకోవాలి, వెనక తోక దీపం ఉందా లేదా చూసుకోవాలి. భద్రత లెక్కలో ఎంప్టీకి ఏ రాయితీ లేదు.

అసలు ఎంప్టీలు ఎందుకు తిరుగుతాయి? ఎమ్ఎమ్‌టీఎస్ రేకుల షెడ్డు మౌలాలిలో ఉంది. షెడ్డులో ప్రయాణికులు పుట్టరు కదా. తెల్లవారుజామున రేకు అక్కడి నుంచి బయటికి వచ్చి, తన మొదటి ట్రిప్పు ఎక్కడ మొదలవ్వాలో అక్కడికి చేరాలి. రాత్రి ఆఖరి ట్రిప్పు అయ్యాక మళ్ళీ షెడ్డుకో, పడుకోబెట్టే లైనుకో పోవాలి. ఈ రెండు ప్రయాణాలూ ఎంప్టీలే. ఆర్టీసీలో పనిచేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, డిపో నుంచి మొదటి స్టాపు దాకా నడిచే దూరాన్ని వాళ్ళు డెడ్ కిలోమీటర్లు అంటారు, టికెట్ రాదు, డీజిలు మాత్రం పోతుంది. హైదరాబాద్ మెట్రోకి మియాపూర్, ఉప్పల్ డిపోలు ఉన్నది కూడా ఈ ఖాళీ తిరుగుడు తగ్గేలాగే, లైను చివర్లలోనే షెడ్డు ఉంటే బండి తలుపు తీయగానే పనిలో పడుతుంది.

ఇవి కాక మధ్యలో పుట్టే ఎంప్టీలు ఉంటాయి. రేకులో ఏదో తేడా వస్తుంది, మోటారు పనిచేయదు, లేదా బ్రేకులో అనుమానం. అప్పుడు దాన్ని ‘సిక్’ చేశారు అంటాం, మనుషుల్లాగే. సిక్ అయిన రేకును జనంతో నడపరు, దించేసి షెడ్డుకు పంపుతారు. రిపేరయ్యాక ట్రయల్‌కి తీసుకొస్తే అదీ ఎంప్టీయే. ఇంకోటి, పొద్దున ఏదో కారణానికి రెండు బండ్లు రద్దయ్యాయనుకోండి, రేకులన్నీ ఒక కొసలో పోగుపడి రెండో కొస బోసిపోతుంది. ఒక్కో రేకుకి రోజంతా ఏ ట్రిప్పు తర్వాత ఏ ట్రిప్పు అని ముందే కట్టిన వరస ఉంటుంది, దాన్ని రేక్ లింకు అంటాం. ఒక చోట లింకు తెగితే సాయంత్రం దాకా అతుకులే. అలాంటప్పుడు ఏ బండి ఎప్పుడు ఎటు నడవాలో చూసే కంట్రోలు వాళ్ళు ఒక రేకును ఖాళీగా అటు తోసేస్తారు, ఆగుతూ వెళ్తే ఆ కొసలో ఇంకో ట్రిప్పు కూడా పోతుంది కాబట్టి.

ఇప్పుడు మీ అసలు కోపం, ఆపి ఎక్కించుకోవచ్చు కదా?

బేగంపేట నుంచి లింగంపల్లి దాకా మధ్యలో ఏడు స్టేషన్లు: నేచర్ క్యూర్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్. ఒక్కో చోట ఆగేది అర నిమిషమే అయినా, బ్రేకు వేసి వేగం తగ్గించి, ఆగి, మళ్ళీ వేగం అందుకునేసరికి దగ్గర దగ్గర రెండు నిమిషాలు తింటుంది. ఏడు స్టేషన్లంటే పావుగంట దాకా వచ్చిందా? ఆ పావుగంటలో వెనక వికారాబాద్ వైపు పోయే ఎక్స్‌ప్రెస్సు ఉంటుంది, గూడ్సు ఉంటుంది, అవన్నీ అవే పట్టాల మీద నడవాలి. ముంబైలోలాగా లోకల్‌కి విడిగా లైన్లు ఈ దారిలో లేవు. ఎమ్ఎమ్‌టీఎస్ 2003లో మొదలైనప్పటి నుంచీ లేటు గురించి జనం తిట్టుకుంటున్న తిట్లలో సగానికి మూలం ఇదే. కంట్రోలరు ఎంప్టీకి దారి ఇచ్చేది ఆగకుండా పోతుందన్న లెక్క మీదే. ‘ఒక్క బేగంపేటలో ఆపండి చాలు’ అంటారా, అక్కడ ఎక్కినవాళ్ళు హైటెక్ సిటీలో దిగాలంటారు, మరి అక్కడా ఆపాలి. ఇక అది ఎంప్టీ కాదు, టైంటేబుల్లో లేని లోకల్.

రెండోది తలుపులు. ఇది బయటివాళ్ళకి తట్టని విషయం. మెట్రోకి తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి, ఆపరేటరు తీయకపోతే ఎవరూ ఎక్కలేరు. మన ఎమ్ఎమ్‌టీఎస్ రేకుకి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఎంప్టీ ప్లాట్‌ఫాం పక్కన ఎర్ర సిగ్నలుకి ఆగిందంటే చాలు, ఎక్కేస్తారు. అందుకే వీలైనంతవరకు ఎంప్టీని ప్లాట్‌ఫాం మీద ఆపకుండా పంపించాలనే చూస్తారు.

నాకే జరిగింది. సాయంత్రం ఆరున్నర ప్రాంతం, స్టేషన్ పేరు వద్దు. ట్రిప్పు అయిపోయింది, రేకు షెడ్డుకు పోవాలి, బండి బయల్దేరడానికి చూసే స్టార్టరు సిగ్నలు ఎర్రగా ఉంది. ప్లాట్‌ఫాం మీద బోర్డు ఇంకా పాత బండి పేరే చూపిస్తోంది. నేను వెనక క్యాబులో కాగితాలు రాసుకుని తలెత్తేసరికి ఆఖరి మూడు పెట్టెల్లో ఓ నలభై మంది కూర్చుని ఉన్నారు, కిటికీ సీట్లు దొరికాయని మహా సంతోషంగా. దిగి వెళ్ళి ‘ఇది షెడ్డుకు పోయే బండి, దిగండి’ అంటే సగం మంది దిగారు. మిగతావాళ్ళు కదల్లేదు. ఒకాయన ‘మీరు ఇలాగే చెప్తారు, మొన్న కూడా ఇలాగే అన్నారు, తర్వాత బండి పోయింది’ అన్నాడు. ఇంతలో బయల్దేరమని సిగ్నలు వచ్చింది. మోటార్‌మన్ నా బెల్లు కోసం చూస్తున్నాడు, వెనక ఎక్స్‌ప్రెస్సు స్టేషన్ బయట ఔటర్‌లో నిలబడింది, నేను బెల్లు కొట్టలేను. ఫోనులో కంట్రోలరు అడిగిన మాట ఇప్పటికీ గుర్తు: ‘గార్డుగారూ, అది ఎంప్టీనా ప్యాసింజరా, ఒక్క ముక్క చెప్పండి, నేను దాన్నిబట్టి చూసుకుంటా.’

ఆయన వెటకారంగా అనలేదు. ఎంప్టీ అంటే దారిలో లూపులో, అంటే పక్క లైనులో, పెట్టి ఎక్స్‌ప్రెస్సును ముందు పంపించేయొచ్చు, అరగంట నిలబడినా అడిగేవాడు లేడు. ప్యాసింజరు అంటే ఎక్కడ పెడితే అక్కడ పెట్టడానికి లేదు, ప్లాట్‌ఫాం ఉన్న లైనే కావాలి, జనానికి చెప్పాలి. పేరు మారితే దాని వెనక నిర్ణయాలన్నీ మారతాయి. చివరికి మైకులో రెండుసార్లు చెప్పించి, ఆర్పీఎఫ్ కానిస్టేబుల్ ఒకాయన వచ్చి పెట్టె పెట్టెకీ తిరిగితే తప్ప రేకు ఖాళీ అవలేదు. తొమ్మిది నిమిషాలు పోయాయి.

మూడోది చట్టం. 1989 రైల్వే చట్టంలో ప్రమాదాలకు పరిహారం ఇచ్చే సెక్షన్లలో ‘ప్రయాణికులను తీసుకెళ్తున్న రైలు’ అన్న మాట కనిపిస్తుంది. జనం ఎక్కకూడని బండిలో జనం ఉండి ఏదైనా జరిగితే ఆ మాట చుట్టూ కోర్టులో ఎంత తిరగాలో ఊహించుకోండి. అందుకే మధ్యరకంగా, ‘ఎంప్టీయే కానీ ఎక్కినవాళ్ళు ఎక్కారు’ అన్న స్థితిని రైల్వే అస్సలు ఒప్పుకోదు. పైగా ఆ రేకు సిక్ అయిందో కాదో బయట నిలబడిన మీకు తెలియదు. మళ్ళీ షెడ్డులో ప్లాట్‌ఫారాలు ఉండవు. పెట్టె నుంచి నేల దాకా మనిషి ఎత్తున నిచ్చెన మెట్లు, చుట్టూ కరెంటు లైన్లు, చీకట్లో కదిలే రేకులు.

రాత్రి రేకును అప్పజెప్పే ముందు చివరి స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద నడుస్తూ ఒక్కో పెట్టెలోకి తొంగిచూసేవాణ్ణి. ఎవరో ఒకరు దొరకని రోజు లేదు. ఒకసారి ఫలక్‌నుమాలో ఒక కుర్రాడు, క్యాటరింగ్ పనివాడనుకుంటా, స్టీలు టిఫిన్ క్యారేజీ తల కింద పెట్టుకుని సీటు మీద అడ్డంగా పడుకున్నాడు. తడితే కళ్ళు తెరవకుండానే ‘నేచర్ క్యూర్ వచ్చిందా అన్నా?’ అన్నాడు. లింగంపల్లిలో ఎక్కి ఊరు ఊరంతా దాటి వచ్చేశాడు. ఆ రాత్రి తిరుగు బండి లేదు. స్టేషన్లో బెంచీ మీద పడుకోమని చెప్పి, స్టేషన్ మాస్టరుకి ఒక మాట చెప్పి వచ్చాను.

ఇక ప్యాసింజరు కాని మిగతా బండ్లు, మీరు ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవే. పెట్టెలు లేకుండా ఒట్టి ఇంజిను పోతుంటే అది లైట్ ఇంజిను. బరువు తక్కువని కాదు, వెనక ఏమీ లాగడం లేదని. కంకర, పట్టాలు, స్లీపర్లు మోసుకుని దారిలో దించుతూ పోయేది మెటీరియల్ ట్రైను. రూల్సులో దీన్ని గూడ్సు కింద లెక్కపెట్టరు, ఇది రైల్వే సొంత పనికి నడిచే డిపార్ట్‌మెంటల్ బండి. పైన వేదిక లాంటిది ఉండి, కరెంటు తీగ దగ్గర మనుషులు నిలబడి పనిచేసేది టవర్ వ్యాగను. కరెంటు తీసేసిన చోట కూడా నడవాలి కాబట్టి అది డీజిలుతో నడుస్తుంది. ఇవన్నీ ఎక్కువగా బ్లాకు ఉన్నప్పుడే లైనెక్కుతాయి, అంటే ఆ సమయానికి మామూలు బండ్లు ఆపి లైను పనికి అప్పజెప్తారు. ఆదివారాలు ఎమ్ఎమ్‌టీఎస్ ట్రిప్పులు రద్దని పేపర్లో చదువుతుంటారే, చాలావరకు అందుకే.

వీటన్నిటిలో గౌరవం మాత్రం యాక్సిడెంట్ రిలీఫ్ ట్రైనుది. దానిలో క్రేను, జాకీలు, పనివాళ్ళు ఉంటారు. డాక్టర్లతో వెళ్ళే వ్యాను విడిగా ఉంటుంది. ప్రమాద స్థలానికి వెళ్ళేటప్పుడు రాజధాని అయినా సరే దానికి పక్కకి తప్పుకోవాల్సిందే. పని ముగించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఆ హోదా ఉండదు. నేను చూశాను, పోయేటప్పుడు అన్నీ పచ్చ సిగ్నళ్ళే, మర్నాడు అదే బండి ఒక చిన్న స్టేషన్లో లూపు లైనులో గంటల తరబడి నిలబడింది, అలిసిపోయిన జనం పెట్టెల మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

గూడ్సులో ఎంప్టీ అంటే మన ఎంప్టీకి సంబంధం లేదు. రామగుండం వైపు బొగ్గు వ్యాగన్లు ఒక వైపు నిండుగా, రెండో వైపు ఖాళీగా పోతాయి. బొగ్గు దించిన చోట అదే వ్యాగన్లలో నింపుకు రావడానికి ఏమీ ఉండదు, కాబట్టి సగం తిరుగుడు ఖాళీయే. కంట్రోలులో ‘ఎంప్టీ వస్తోంది’ అంటే ఏ ఎంప్టీ అని అడిగి తీరాలి.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. డెడ్‌హెడ్ అన్నది అమెరికాలో రైళ్ళకంటే ముందు నాటకాలవాళ్ళ మాట, టికెట్ కొనకుండా ఉచిత పాసు మీద వచ్చి కూర్చునేవాణ్ణి అలా అనేవారు. అక్కడి నుంచి రైళ్ళకి పాకింది. ఇప్పుడు రెండు అర్థాలు: ప్రయాణికులు లేకుండా నడిపే బండి ఒకటి, డ్యూటీ ఎక్కడానికో దిగాకో మామూలు ప్రయాణికుడిలా కూర్చుని వెళ్ళే సిబ్బంది ఇంకొకటి. ఈ రెండో దాన్ని మన దగ్గర ‘స్పేర్’ వెళ్ళడం అంటాం. ‘ఎక్కడికి గార్డుగారూ?’ అంటే ‘స్పేర్ వెళ్తున్నా, వికారాబాద్‌లో బండి తీసుకోవాలి’ అంటాం. మనకి రెండు మాటలు, వాళ్ళకి ఒకటే. అమెరికాలో టైంటేబుల్లో లేకుండా నడిచే బండిని ‘ఎక్స్‌ట్రా’ అనేవారు, పాత రోజుల్లో దాని ఇంజినుకి తెల్ల జెండాలు కట్టేవారు. మనం అలాంటిదాన్ని ‘స్పెషల్’ అంటాం. మీ అన్నయ్య ‘ఎక్స్‌ట్రా’ అంటే అదనపు బోగీ అనుకోకండి.

బ్రిటన్‌లో ఇంకా తేలిక. మన ఈసీఎస్ అన్న పొట్టి పేరు వాళ్ళు వాడేదే. అక్కడ ప్రతి బండికీ నాలుగు అక్షరాల కోడు ఉంటుంది, మొదటి అంకె 5 అయితే ఎంప్టీ, 0 అయితే లైట్ ఇంజిను. తెర మీద అంకె చూస్తే చాలు. మన ఎమ్ఎమ్‌టీఎస్ బండ్లకి 47తో మొదలయ్యే ఐదంకెల నంబర్లు ఉంటాయి. ఎంప్టీకి ప్రయాణికులకు చూపించే నంబరు ఉండదు. కాబట్టి ఫోనులో రైలు వెతికే యాప్‌లో మీకు కనిపించని రేకు ప్లాట్‌ఫాం మీదకి వస్తుంటే ఎంప్టీ అనే అనుమానించండి. ముందు అద్దం పైన ఊరి పేరుందో లేదో కూడా చూడండి, కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి, మార్చడం మర్చిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. అన్నిటికంటే వేగం నయం. ఆగే బండి ప్లాట్‌ఫాం మొదట్లోకి వచ్చేసరికే తగ్గుతుంది, తగ్గకపోతే గీత దాటి ముందుకు రావద్దు.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. ఇక్కడి మాటలు సికింద్రాబాద్ వైపు నేను విన్నవి, వాడినవి. ముంబైలోనో చెన్నైలోనో పనిచేసినవాళ్ళు కొన్నిటికి వేరే పేర్లు చెప్తే వాళ్ళే తప్పని అనకండి.

మీ అన్నయ్య ఉండేది ఎడిసన్ వైపే అయితే అతనికి ఇది చెప్పండి. ట్రెంటన్‌లో అందరూ దిగిపోయాక ఆ బండి డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలోని మోరిస్‌విల్ యార్డుకి ఖాళీగా పోతుంది. న్యూయార్క్‌లో పొద్దున జనాన్ని దించిన బండ్లు చాలా మటుకు ఈస్ట్ రివర్ కింద నుంచి క్వీన్స్‌లోని సన్నీసైడ్ యార్డుకి పోయి, సాయంత్రం రద్దీ దాకా అక్కడే నిలబడతాయి. మనకి మౌలాలి ఎలాగో వాళ్ళకి అవి అలాగ. అక్కడ తలుపులు మూసేస్తారు కాబట్టి మా నలభై మంది బాధ మాత్రం వాళ్ళకి లేదు.